కాల్చిన నీలం, దాచిన మాట

శని త్రయోదశి మీద మన వీడియో చూసిన వాళ్లలో చాలామందికి వచ్చే ప్రశ్న ఒకటే: "నీలం పెట్టుకోవచ్చా?" దానికి జవాబు చెప్పాల్సింది మీ జాతకం చూసే పెద్దలు. నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ని, నాకు ఆ అర్హత లేదు. కాకపోతే నా కుడిచేతి మధ్యవేలికి నాలుగేళ్లుగా ఒక నీలం ఉంది. అది పెట్టుకోవడం వల్ల శనీశ్వరుడు శాంతించాడో లేదో తెలీదు గానీ, నాకు మాత్రం ఒక ధర్మసందేహం వచ్చిపడింది. ఏడు నెలలు నిద్ర పట్టనివ్వలేదు. ఈసారి అదే రాస్తున్నా.

నాది కుంభరాశి. 2020 జనవరిలో శని మకరంలోకి మారగానే మా రాశికి ఏలినాటి శని మొదలైంది. అదే ఏడాది నా ఇంజనీరింగ్ పూర్తయింది. చేతిలో క్యాంపస్ ఆఫర్ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. లాక్‌డౌన్ వచ్చింది. జాయినింగ్ డేట్ రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి వచ్చిన మెయిల్‌లో ఆఫరే లేదు. ఏడాదికి పైగా రావులపాలెంలో ఇంట్లోనే కూర్చున్నా. ఎదురింటి వాళ్లు "బాబు ఇంకా ఇంట్లోనేనా?" అని అడిగిన ప్రతిసారీ అమ్మ మొహం ఎలా అయ్యేదో నాకు ఇప్పటికీ గుర్తే.

2021లో అమ్మ సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన నాలుగు క్యారెట్లకి తగ్గకుండా నీలం పెట్టించమన్నారు. ఒక షరతు కూడా చెప్పారు. "సిలోన్ రాయి అయి ఉండాలి, మంట తగలనిది అయి ఉండాలి. కాల్చినదైతే గాజుపెంకుతో సమానమమ్మా." అమ్మ తన పుట్టింటి గాజులు రెండూ, నాలుగు తులాలవి, అమ్మేసింది. ఈ సంగతి నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు. రాయి లక్షా అరవై వేలు. షాపాయన "కాల్చనిదేనా?" అని అమ్మ అడిగితే "ప్యూర్ నేచురల్ అమ్మా, సిలోన్ సరుకు" అని తలూపాడట.

ముందు మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకోమన్నారు, పడని రాయి అయితే పీడకలలు వస్తాయని. నాకేం రాలేదు. అసలు ఆ రోజుల్లో నాకు నిద్రే సరిగా లేదు, ఇక కలలెక్కడివి! తర్వాత వెండిలో పొదిగించి, శనివారం పొద్దున్నే పాలతో కడిగి అమ్మే నా వేలికి తొడిగింది. మూడు నెలలకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది.

ఆ మూడు నెలలూ నేను రోజుకి ఎనిమిది గంటలు కూర్చుని కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసిన మాట కూడా నిజమే. అమ్మ లెక్కలో మాత్రం ఉద్యోగం ఇచ్చింది శనీశ్వరుడు, తెచ్చింది నీలం. నేను వాదించలేదు. ఇప్పుడూ వాదించను.

అసలు సంగతి ఈ ఏడాది మొదట్లో జరిగింది. రాయిని పట్టి ఉంచే వెండి కొక్కేల్లో ఒకటి వదులైతే, మా ఆఫీసుకి దగ్గర్లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. నగలు రిపేరు చేస్తాడు, రంగురాళ్లు పొదుగుతాడు. కంటికి భూతద్దం పెట్టుకుని కాసేపు తిప్పి చూసి, చాలా మామూలుగా అడిగాడు. "హీటెడ్ కదా సార్ ఇది?"

కాదు, కాల్చనిది అన్నాను. ఆయన నవ్వలేదు, వాదించలేదు. "ల్యాబ్‌లో చూపించుకోండి సార్, మీకే తెలుస్తుంది" అన్నాడు. చూపించాను. రిపోర్టులో మూడు ముక్కలు ఉన్నాయి. సహజమైన కోరండం. శ్రీలంక రాయి. వేడి చేసిన ఆనవాళ్లు ఉన్నాయి.

అంటే రాయి జాతి రాయే, నకిలీ కాదు. ఊరు కూడా నిజమే. చెప్పిన మాటల్లో ఒక్కటే అబద్ధం. సరిగ్గా ఆ ఒక్కదాని కోసమే అమ్మ గాజులు అమ్మింది.

ఇంజనీర్ బుద్ధి కదా, ముందు బాధపడటం మానేసి చదవడం మొదలుపెట్టా. అసలు ఈ రాయికి రంగు ఎక్కణ్నుంచి వస్తుంది?

కోరండాన్ని మనం కురువిందం అంటాం. ఇంగ్లీషు మాట కూడా మన దక్షిణాది భాషల నుంచి వెళ్లిందే. అది అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం, అంతే. గట్టిదనంలో వజ్రం 10 అయితే ఇది 9. పూర్తిగా శుద్ధమైన కురువిందానికి రంగే ఉండదు, నీళ్లలా తెల్లగా ఉంటుంది. అందులో ఇనుము, టైటానియం ఒక శాతంలో కొన్ని వందో వంతులు చేరితే చాలు. వెలుగు పడ్డప్పుడు ఇనుము దగ్గరున్న ఎలక్ట్రాన్ పక్కనున్న టైటానియం మీదకి దూకుతుంది. ఆ దూకడానికి కావాల్సిన శక్తిని ఎరుపు, పసుపు వెలుగు నుంచి తీసుకుంటుంది. మన కంటికి మిగిలేది నీలం. ఇనుము ఒక్కటే ఉంటే పసుపు, అదే కనకపుష్యరాగం. క్రోమియం చేరితే గులాబీ, బాగా చేరితే ఎరుపు, అదే కెంపు.

ఇక్కడ నేను ఆగిపోయా. నవరత్నాల్లో సూర్యుడికి కెంపు, శనికి నీలం, గురువుకి కనకపుష్యరాగం. మూడూ ఒకే ఖనిజం. సూర్యుడు తండ్రి, శని కొడుకు. ఇద్దరికీ పడదని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా! ఆ తండ్రీకొడుకుల రాళ్లు లోపల ఒకటే పదార్థం, తేడా అంతా చిటికెడు మలినంలో ఉంది. ఇది ఎవరో కావాలని పెట్టారని నేను అనను. కానీ తెలిసిన రోజు నుంచి ఉంగరం చూసినప్పుడల్లా గుర్తొస్తోంది.

రంగులు ఇంతటితో అయిపోలేదు. నీలంలోనే కార్న్‌ఫ్లవర్ అనే లేత పువ్వు రంగు ఉంది, రాయల్ బ్లూ అనే ముదురు ఉంది. 1981లో డయానా ఎంచుకున్న, ఇప్పుడు కేట్ వేలికి ఉన్న 12 క్యారెట్ల రాయి సిలోన్ నీలమే. కాశ్మీర్ నీలానిది ఇంకో కథ. 1881 ప్రాంతంలో పాడర్ లోయ పైన, సుమారు 4,500 మీటర్ల ఎత్తులో, కొండచరియ విరిగిపడి రాళ్లు బయటపడ్డాయి. మహారాజు కాపలా పెట్టాడు. ఆరేడేళ్లలో మంచి సరుకంతా అయిపోయింది. ఈనాటికీ ఆ రంగునే కొలమానంగా చెబుతారు. మఖమల్‌లా మెత్తగా కనిపించడానికి కారణం ఏంటంటే, లోపల కంటికి కనిపించనంత సన్నటి కణాలు వెలుగుని చెదరగొడతాయి. అక్కడా మలినమే అందం. ఇక గులాబీ, నారింజ కలిసిన రాయిని పద్పరాద్ష అంటారు. ఆ పేరు మన పద్మరాగం నుంచి సింహళం మీదుగా వెళ్లింది. మనకేమో పద్మరాగం అంటే కెంపు. 2018లో బ్రిటన్ రాకుమారి యూజీనీ నిశ్చితార్థం ఉంగరంలో పెట్టింది ఈ రాయే, అప్పట్నుంచి దీనికి గిరాకీ బాగా పెరిగింది.

మరి కాల్చడం అంటే? శ్రీలంకలో గ్యూడా అని ఒక రకం రాయి దొరుకుతుంది. పాలు కలిపినట్టు తెల్లగా, మబ్బుగా ఉంటుంది. ఒకప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. ఆ మబ్బుకి కారణం లోపలున్న పట్టుదారాల్లాంటి సన్నటి సూదులు. అవి టైటానియం ఆక్సైడ్. 1970ల్లో థాయ్‌లాండ్ వర్తకులు ఈ రాళ్లు చవగ్గా కొని కొలిమిలో 1,600 డిగ్రీల దాకా వేడి చేశారు. సూదులు కరిగి, టైటానియం రాయి అంతటా పరుచుకుని, ఇనుముతో జత కట్టింది. మబ్బు రాయి నీలమైపోయింది. బయట నుంచి ఏ రంగూ పూయలేదు. లోపల ఉన్నదే బయటికొచ్చింది. ఇవాళ బజార్లో ఉన్న నీలాల్లో ఎక్కువ భాగం ఇలా వేడి చూసినవే. నా రాయిలో భూతద్దం కింద కనిపించింది కూడా అదే, తెగి చుక్కలు చుక్కలుగా మిగిలిన పట్టుదారాలు.

ఇది చదివాక నిజం చెప్పొద్దూ, షాపాయన మీద కోపం కొంచెం తగ్గింది. భూమి లోపల కోట్ల ఏళ్లు వేడికి ఉడికితే సహజం, మనిషి కొలిమిలో కొన్ని గంటలు ఉడికితే అసహజమా? బంగారాన్ని పుటం పెడితే శుద్ధి అంటాం. కుండ కాల్చకపోతే నీళ్లు పోయలేం. నీలాన్ని మాత్రం కాల్చకూడదని ఎందుకు?

దీనికి గరుడ పురాణంలో నేను ఊహించని జవాబు దొరికింది. అందులో రత్నపరీక్ష మీద కొన్ని అధ్యాయాలు ఉన్నాయి. బలాసురుడి శరీరం నుంచి రత్నాలు పుట్టాయని, అతని కళ్లు సింహళంలో పడి ఇంద్రనీలాలు అయ్యాయని కథ. సింహళం అంటే నా రాయి ఊరే. ఇంద్రనీలం గురించి చెబుతూ, అది పద్మరాగం కంటే ఎక్కువ మంటని తట్టుకుంటుందని అంటుంది. అయినా సరే, పరీక్ష కోసం గానీ గుణం పెంచడం కోసం గానీ మణిని నిప్పులో పెట్టొద్దంటుంది. వేడి ఎంత ఉండాలో తెలియక చెడగొట్టిన మణి వల్ల దాన్ని ధరించినవాడికీ, కాల్చినవాడికీ, కాల్పించినవాడికీ కీడే అని తాత్పర్యం. వద్దని చెప్పారంటే ఆ రోజుల్లోనే ఎవరో కాలుస్తున్నారన్నమాట! లేనిదాన్ని ఎవరూ నిషేధించరు.

అదే చోట ఇంకో మాట ఉంది, మహానీలాన్ని నూరురెట్లు పాలల్లో వేస్తే పాలన్నీ నీలంగా మారతాయని. మా అమ్మమ్మ కాలం నుంచి ఇళ్లల్లో చేసే పాల పరీక్ష దీన్నుంచి వచ్చిందే అయి ఉంటుంది. నేనూ చేసి చూశా. నా రాయి అడుగున కొంచెం నీలి ఛాయ కనిపించింది. నీలం రంగు గాజుముక్క వేసినా కనిపించింది. ఆ రోజు పాలు పారబోయలేక కాఫీ పెట్టుకున్నా.

సరే, రాయి సంగతి అర్థమైంది. నా సంగతే అర్థం కాలేదు. అమ్మకి చెప్పాలా వద్దా?

ప్రతి శనివారం పొద్దున్న అమ్మ ఫోన్ చేస్తుంది. "ఉంగరం పాలతో కడిగావా నాన్నా?" "ఆఁ, కడిగానమ్మా." నేను నిజంగానే కడిగేవాణ్ని, అందులో అబద్ధం లేదు. రిపోర్టు వచ్చిన తర్వాత కూడా అలాగే కడిగాను, అలాగే ఆఁ అన్నాను. మా రూమ్మేట్‌కి చెబితే వాడు తేల్చేశాడు. "రేయ్, ఆవిడ హ్యాపీ, నువ్వు హ్యాపీ. ప్రొడక్షన్‌లో బాగా నడుస్తున్న కోడ్‌ని ఎందుకురా కెలుకుతావ్?"

వాడి మాటలో బలం ఉంది. అమ్మకి ఆ రాయి అంటే నా ఉద్యోగం, నా ఆరోగ్యం, తన ధైర్యం. సిద్ధాంతి గారి మాట ప్రకారం కాల్చిన రాయి గాజుపెంకు. అంటే నేను నోరు తెరిస్తే నాలుగేళ్ల ఆవిడ ధైర్యాన్ని గాజుపెంకు చేసినట్టే. గీత 17వ అధ్యాయంలో వాక్కుకి సంబంధించిన తపస్సు గురించి చెప్పింది కూడా వాడికి అనుకూలంగానే తోచింది. ఎదుటివాణ్ని కలవరపెట్టకూడదు అన్నారు కదా, ఇంకేం! నేను కూడా కొన్నాళ్లు దాని వెనకే దాక్కున్నా.

కానీ మళ్లీ చదివితే అక్కడ ఉన్నది ఒక్క షరతు కాదు. కలవరపెట్టనిది, నిజమైనది, ప్రియమైనది, మేలు చేసేది, ఇవన్నీ కలిసి ఉండాలి. మనకి నచ్చిన ఒక్క ఆప్షన్‌కి టిక్ పెట్టుకుని మిగతావి వదిలేయడానికి అది మల్టిపుల్ చాయిస్ కాదు. నేను మొదటిది ఒక్కటే పట్టుకున్నా. పైగా నేను కాపాడుతోంది అమ్మ ప్రశాంతతనా, నా ప్రశాంతతనా? ఫోన్‌లో ఏడుపు వినాల్సి వస్తుందన్న భయం నాది.

మహాభారతంలో కౌశికుడి కథ తెలుసు కదా. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన మనిషి. దొంగలు తరుముతుంటే కొందరు అడవిలో దాక్కున్నారు. దొంగలు వచ్చి అడిగితే కౌశికుడు దారి చూపించేశాడు. వాళ్లు చనిపోయారు, ఆయన నరకానికి పోయాడు. కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కథ ఇది. నిజం చెప్పడం కూడా పాపం కావచ్చు అనడానికి అందరం దీన్నే చూపిస్తాం. నేనూ చూపించుకున్నా. కానీ ఒక తేడా గమనించండి. ఆ కథలో నిజం అడిగినవాళ్లు దొంగలు. దాక్కున్నవాళ్ల జాడ తెలుసుకునే హక్కు వాళ్లకి లేదు. నా విషయంలో ఆ నిజం ఎవరిది? గాజులు ఎవరివి? డబ్బు ఎవరిది, నమ్మకం ఎవరిది? ఆ రిపోర్టులో ఉన్న నిజం అమ్మ సొంతం. అది నా దగ్గర ఉండిపోయింది, అంతే. ఒకరి సొమ్ము మన దగ్గరుంటే, ఇస్తే బాధపడతారని దాచుకుంటామా?

ఇంకో కథ దీని కంటే గట్టిగా తగిలింది. ద్రోణుడికి ధర్మరాజు చెప్పిన మాట. పైకి వినిపించేలా కొంత, గొంతు తగ్గించి కొంత. వాక్యంగా చూస్తే పూర్తి నిజం, చచ్చింది ఏనుగే మరి. అయినా అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల పైన నడిచే ఆయన రథం కిందికి దిగిపోయింది. షాపాయన "ప్యూర్ నేచురల్" అన్నది కూడా అలాంటిదే. రాయి నేచురలే. కాల్చడం అన్న ముక్క దగ్గర గొంతు తగ్గింది. మరి నేను? "కడిగానమ్మా" అన్నది నిజం. "ఏ రాయిని" అన్న చోట నా గొంతూ తగ్గింది. ఆయన నాలుగేళ్ల కిందట ఒక్కసారి తలూపాడు. నేను వారం వారం ఊపుతున్నా.

ఇంతా తెలిసి కూడా చెప్పలేదండి. ఆలోచన ఎంత స్పష్టంగా ఉన్నా, ఫోన్ ఎత్తగానే నోట్లోంచి ఆఁ అనే వస్తుంది. చెల్లి విషయం రాకపోతే ఇంకా ఎన్నాళ్లు లాగేవాణ్నో.

చెల్లికి సంబంధాలు కుదరడం లేదు. సిద్ధాంతి గారు ఈసారి కనకపుష్యరాగం చెప్పారు. అమ్మ ఫోన్‌లో సంబరంగా, "నీకు అంత బాగా కలిసొచ్చింది కదా, అదే షాపులో తీసుకుంటా. ఆయన నమ్మకస్తుడు" అంది. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టైంది. నా మౌనం ఆ షాపుకి సర్టిఫికెట్ అయిపోయింది.

పసుపు రాళ్ల సంగతి నీలం కంటే తిరకాసు. 2001, 2002 ప్రాంతంలో థాయ్‌లాండ్ నుంచి ఒక్కసారిగా మంచి మంచి నారింజ, పసుపు రాళ్లు బజారుకి వచ్చాయి, పద్పరాద్ష రంగువి కూడా. అడిగితే "వేడి చేశాం, అంతే" అన్నారు. పరీక్షలు చేసి చూస్తే రాయిలోకి బెరీలియం దిగి ఉంది. కొలిమిలో రాళ్లతో పాటు బెరీలియం ఉన్న వేరే ఖనిజం పెడితే అది లోపలికి పాకి రంగు మార్చేస్తోంది. బెరీలియం ఎంత తేలికైన మూలకం అంటే, మామూలు పరికరాలకి దొరకదు. అమెరికా రత్నాల వర్తక సంఘం 2002లో హెచ్చరిక ఇచ్చేదాకా చాలామంది కొనేశారు. "వేడి చేశాం" అన్నది అక్కడా అబద్ధం కాదు, సగం నిజం. లోపలున్నది బయటికి తేవడం వేరు, బయటిది లోపలికి ఎక్కించడం వేరు. రెండింటినీ ఒకే మాట కింద కప్పేశారు. అందుకే నాకు ఇప్పుడు మంట మీద కోపం లేదు, ఆ కప్పే మాట మీదే. ఆ మాటకి వస్తే నా చేతి గడియారం అద్దం కూడా ల్యాబ్‌లో పెంచిన కురువిందమే. వెర్నెయ్ అనే ఫ్రెంచి ఆయన 1902లో కొలిమి మంటలో కెంపులు తయారుచేసే పద్ధతి బయటపెట్టాడు, ఆ తర్వాత నీలాలూ చేశాడు. వాచీ కొన్నప్పుడు బాక్స్ మీద స్పష్టంగా రాసిచ్చారు, అది ల్యాబ్‌ది అని నాకెప్పుడూ బాధ కలగలేదు.

శని త్రయోదశికి ఇంటికి వెళ్లా. మందపల్లి మాకు దగ్గరే. శనీశ్వరుడే ప్రతిష్ఠించాడని చెప్పే శివలింగం, మందేశ్వర స్వామి. తైలాభిషేకం చేయించి, చేతులకి ఇంకా నువ్వుల నూనె జిడ్డు ఉండగానే బయట అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పేశా. ప్లాన్ చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"కాల్చడం అంటే?" అంది అమ్మ.

చెప్పాను. గ్యూడా రాయి, పట్టుదారాలు, కొలిమి. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఎంత వేడి?"

"పదహారు వందల డిగ్రీలు ఉండొచ్చమ్మా."

"అంత వేడికి పగల్లేదా?"

"లేదు. రెండు వేలు దాటితే గానీ కరగదు."

కాసేపు నా వేలు పట్టుకుని ఉంగరం అటూ ఇటూ తిప్పింది. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏడు నెలలైంది."

చేయి వదిలేసింది. "ఏడు నెలల నుంచీ నేను శనివారం శనివారం ఫోన్ చేసి అడుగుతుంటే, ఆఁ ఆఁ అన్నావు. ఆయనంటే పరాయివాడు, వ్యాపారం. నీకేం వచ్చిందిరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కలవరపెట్టకూడదని, అని మొదలుపెట్టి ఆపేశా. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి అన్నం వడ్డించింది గానీ కూర ఎలా ఉందని అడగలేదు. మా ఇంట్లో అది పెద్ద శిక్ష.

మర్నాడు బీరువాలోంచి బిల్లు తీసింది. నాలుగేళ్లయినా మడత నలగలేదు. దాని మీద "నేచురల్ బ్లూ సఫైర్, 4.10 క్యారెట్లు" అని ఉంది. కాల్చనిది అని ఎక్కడా లేదు. షాపుకి ఇద్దరం వెళ్లాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "అబద్ధం ఏం రాయలేదమ్మా, నేచురలే కదా. ఇప్పుడు అందరూ వేడి చేసినవే అమ్ముతున్నారు" అన్నాడు. అమ్మ గొంతు పెంచలేదు. "నేను కాల్చనిదేనా అని అడిగాను బాబూ. మీరు తలూపారు" అంది. ఆయన పుష్యరాగం తీసుకుంటే నలభై వేలు తగ్గిస్తానన్నాడు. అమ్మ బిల్లు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. కేసు వేద్దామా అంటే, తలూపినదానికి సాక్ష్యం ఎక్కడిది అంది.

ఉంగరం తీసేయమంటావా అని అడిగాను. సిద్ధాంతి గారైతే తీసేసి నీళ్లలో వదిలేయమన్నారు. అమ్మ రెండు రోజులు ఆలోచించి, "ఉంచుకో. అది రాయి కాకపోతే పోనీ, నా గాజులు" అంది. అది నన్ను క్షమించినట్టా కాదా, ఇంకా నాకు తెలియదు. శనివారం ఫోన్ వస్తోంది గానీ, పాలతో కడిగావా అని అడగడం మానేసింది. నేనే చెబుతున్నా.

చెల్లి పుష్యరాగం ఇంకా కొనలేదు. హైదరాబాద్‌లో ఒక షాపులో మంచిది చూశాం, లేత నిమ్మపండు రంగు, మూడున్నర క్యారెట్లు. అడగకముందే "ఇది వేడి చేసిందండి, బెరీలియం లేదు, రిపోర్టు ఇదిగో" అని చెప్పి, ధర దానికి తగ్గట్టే చెప్పాడు. సిద్ధాంతి గారు ససేమిరా వద్దంటున్నారు. చెల్లేమో రంగు బావుంది, అదే కావాలంటోంది. అమ్మ ఆ రిపోర్టు జిరాక్స్ తీయించుకుని దేవుడి గదిలో పెట్టింది.